నడిసముద్రమునుండి మాట
తెరచాప నౌకలయందు ఉపగ్రహ టెలిఫోను, ఇంటర్నెట్టు

మన విశాఖపట్టణము సముద్రము నాశ్రయించి బ్రదుకు పట్టణము. 1933వ సంవత్సరమున రేవు తెరువబడినది మొదలు నేటివఱకు, పెద్ద యోడలును, నౌకాదళపు యుద్ధనౌకలును, చేపల రేవునుండి వేటకు పోవు మరబోటులును మన కన్నుల యెదుట వచ్చుచు పోవుచున్నవి. మన పాఠశాల పిల్లలలో అనేకుల తండ్రులు, అన్నలు, మేనమామలు ఈ యోడలమీదనో బోటులమీదనో పనిచేయువారే. వారు డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి కనుమరుగైన తరువాత ఇంటివారి మనస్సున పుట్టు ప్రశ్న యొక్కటే: ఇప్పు డెక్కడ నున్నారో, ఎట్లున్నారో? ఈ ప్రశ్నకు నేటి శాస్త్రము ఏమి సమాధాన మిచ్చుచున్నదో, ఆ సమాధానమును ఎంతవఱకు నమ్మవలెనో ఈ పాఠమున విచారింతము. ఇందుకు పెద్ద యోడకంటె చిన్న తెరచాప నౌకయే తగిన యుదాహరణము. ఏలయనగా అందు స్థలము తక్కువ, విద్యుత్తు తక్కువ, మనుష్యులు తక్కువ. అపాయము మాత్ర మెక్కువ.

1. తారిణి ప్రయాణము

మన దేశపు నౌకాదళమున తారిణి యను తెరచాప నౌక కలదు. దాని పొడవు 56 అడుగులు. కొయ్య యెత్తు సుమారు 25 మీటర్లు. గోవాలో నిర్మింపబడి 2017 ఫిబ్రవరిలో నౌకాదళమున చేరెను. ఒడిషాలోని గంజాము జిల్లాలో నావికులు కొలుచు తారాతారిణి దేవాలయమును బట్టి దానికి ఆ పేరు పెట్టిరి.

2017 సెప్టెంబరు 10న ఆరుగురు స్త్రీలు, అందఱును నౌకాదళాధికారిణులే, ఈ నౌకపై గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరిరి. పట్టిన కాలము 254 దినములు. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జామ్వాల్, పి. స్వాతి, ఎస్. విజయాదేవి, బి. ఐశ్వర్య, పాయల్ గుప్తా. వీరిలో స్వాతి మన విశాఖపట్టణపు బిడ్డ. ఐశ్వర్య హైదరాబాదు వాస్తవ్యురాలు. వారు నడచిన దూరము 21,600 సముద్రపు మైళ్లు. సముద్రపు మైలనగా భూగోళపు చుట్టుకొలతలో డిగ్రీయందలి అఱువదవ భాగము. 360 డిగ్రీలను 60తో గుణించినచో 21,600 వచ్చును. లెక్కలలో మనము నేర్చు సంఖ్యయే వారి ప్రయాణపు దూరమయ్యెను.

ఆ సంవత్సరము దీపావళి పండుగకు వారు హిందూ మహాసముద్రమున ఆస్ట్రేలియా వైపు పోవుచుండిరి. అప్పుడు ప్రధానమంత్రి ఢిల్లీనుండి వారితో ముఖాముఖిగా, అనగా చిత్రముతో కూడిన టెలిఫోనుద్వారా మాటలాడి శుభాకాంక్షలు తెలిపెను. నలుదిక్కుల నీరు తప్ప మఱేమియు లేని చోట, తెరచాపమీద నడచు చిన్న నౌకలో, ఆ బొమ్మ యెట్లు కనబడెను? ఆ మాట యెట్లు వినబడెను? ఇది మన మొదటి విచారణ.

2. ఒడ్డున నున్న టవరు ఏల చాలదు?

మన చేతిలోని మొబైలు ఫోను ఆకాశముతో మాటలాడునది కాదు. సమీపమున నున్న టవరుతో మాటలాడునది. తీరమునుండి సముద్రము మీదికి పది పండ్రెండు కిలోమీటర్లు పోయినచో సాధారణముగా ఆ మాట తెగిపోవును. మన మరబోటులు పది పదునైదు దినములు వేటలో నుండును. అట్టి వేటలో మొదటి గంట రెండు గంటలు తప్ప తక్కిన కాలమంతయు ఫోను వట్టి గడియారమే.

బోటులలో నుండు వి.హెచ్.ఎఫ్. రేడియో ఇంతకంటె మేలు. కాని దాని తరంగములు ఇంచుమించు సరళరేఖగా పోవును, భూమియో గుండ్రనిది. ఎత్తు మీటర్లలో నెంతయో దాని వర్గమూలమును 3.57తో గుణించినచో, ఆ యెత్తునుండి కనబడు సముద్రపుటంచు ఎన్ని కిలోమీటర్ల దూరమో తేలును. తారిణి కొయ్యపై నుండి చూచినచో 25కు వర్గమూలము 5, 5ను 3.57తో గుణింపగా సుమారు 18 కిలోమీటర్లు. అట్టి నౌకలు రెండున్నచో 36 కిలోమీటర్ల దూరమున నొకదాని నొకటి పలుకరింపవచ్చును. అటుపైన భూమి వంపు అడ్డము వచ్చును. హ్రస్వతరంగ రేడియో మాత్రము ఆకాశపు పై పొరలకు తగిలి క్రిందికి వంగి వేల మైళ్లు పోగలదు. ఐనను పగలు రాత్రులను బట్టియు, సూర్యుని స్థితిని బట్టియు ఒకసారి వినబడును, ఒకసారి వినబడదు.

కావున సముద్రము మధ్యనుండి నిశ్చయముగా మాటలాడవలె నన్నచో భూమి వంపునకు పైన నొక మధ్యవర్తి యుండవలెను. ఆ మధ్యవర్తియే ఉపగ్రహము.

3. ఉపగ్రహములు రెండు తెగలు

మొదటి తెగ ఉపగ్రహములు భూమధ్యరేఖపైన 35,786 కిలోమీటర్ల యెత్తున నుండును. ఆ యెత్తున తిరుగు వస్తువు భూమితో సమానముగా ఇరువదినాలుగు గంటల కొకసారి చుట్టివచ్చును గనుక, క్రిందనుండి చూచువారికి ఆకాశమున నొకే చోట నిలిచినట్లుండును. ఇట్టి ఉపగ్రహములు మూడున్నచో ధ్రువప్రాంతములు తప్ప తక్కిన భూమి కంతటికిని మాట లందింపవచ్చునని ఆర్థర్ క్లార్కు 1945లోనే వ్రాసెను. 1979లో ఏర్పడిన ఇన్మార్శాట్ సంస్థ ఈ పద్ధతినే అనుసరించి ఓడలకు టెలిఫోను కల్పించెను.

ఈ తెగకు రెండు లోపములు కలవు. మొదటిది ఆలస్యము. వెలుగు సెకండునకు 3,00,000 కిలోమీటర్లు పరుగెత్తును. మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు 71,572 కిలోమీటర్లు నడువవలెను గనుక సుమారు పావు సెకండు పట్టును. మన ప్రశ్న పోయి ప్రత్యుత్తరము వచ్చుటకు అర సెకండు. ఎఱుగనివారు ఇద్దఱు నొక్కసారి మాటలాడి, ఇద్దఱు నొక్కసారి మానుకొందురు. రెండవది దిక్కు. మన విశాఖపట్టణమున అట్టి ఉపగ్రహము మన రేఖాంశముననే యున్నచో 69 డిగ్రీల యెత్తున, దాదాపు నడినెత్తిన, కనబడవలెను. దక్షిణ అమెరికా చివర, తారిణి 2018 జనవరిలో దాటిన హారన్ అగ్రము కడ అట్టి ఉపగ్రహము 26 డిగ్రీలకు మించి లేవదు. అలల నడుమ ఊగు నౌకకు అంత క్రిందనున్న దానిని గుఱి చూచుట కష్టము.

రెండవ తెగ ఉపగ్రహములు భూమికి దగ్గఱగా తిరుగును. 1998 నవంబరులో పని కారంభించిన ఇరిడియం వారి ఉపగ్రహములు 66. వాని యెత్తు సుమారు 780 కిలోమీటర్లు. ఒక్కొక్కటి సుమారు నూఱు నిమిషములలో భూమిని చుట్టివచ్చును. ఒకటి అస్తమించులోగా మఱియొకటి ఉదయించును. మాటను ఒకదానినుండి మఱియొకటి అందుకొనును, పరుగుపందెమున కఱ్ఱ నందుకొన్నట్లు. అవి ధ్రువములపైనుండి పోవును గనుక సముద్రమున వాని మాట యందని చోటు లేదు. 2019నుండి ప్రయోగింపబడుచున్న స్టార్లింకు ఉపగ్రహములు ఇంకను క్రిందుగా, సుమారు 550 కిలోమీటర్ల యెత్తున, వేల సంఖ్యలో తిరుగుచున్నవి. దూరము తక్కువ గనుక ఆలస్యమును తక్కువ. పెద్ద పెద్ద చిత్రములు సైతము వేగముగా పోవును.

2024 అక్టోబరు 2న తారిణి మఱల భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఈసారి అందు దిల్నా, రూప అను నిరువు రధికారిణులు మాత్రమే యుండిరి. 2025 జనవరిలో వారు దక్షిణ పసిఫిక్ సముద్రమున నీమో బిందువను చోటు దాటిరి. అది ఏ దిక్కున చూచినను నేలకు సుమారు 2,688 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటి నావికులకు అత్యంత సమీపమున నుండు మనుష్యులు, తలపైన సుమారు 400 కిలోమీటర్ల యెత్తున పోవు అంతరిక్ష కేంద్రమునందలివారే యని చెప్పుదురు. నేలకంటె ఆకాశమే దగ్గఱయైన ఆ చోట ఉపగ్రహము తప్ప వేఱు దిక్కు ఏది? ఆ యిరువురును 2025 మే 29న క్షేమముగా గోవా చేరిరి.

4. నౌకమీద కలుగు చిక్కులు

ఉపగ్రహ మాకాశమున నున్నంతమాత్రమున పని నెఱవేరదు. మొదటి చిక్కు విద్యుత్తు. తెరచాప నౌక గాలితో నడచును. కాని గాలితో ఫోను మాటలాడదు. సూర్యఫలకములవలనను, చిన్న గాలిమరవలనను, కొంత డీజిలు ఇంజనువలనను బ్యాటరీలు నింపుకొనవలెను. ఇంటర్నెట్టు యంత్రము 75 వాట్లు తీసికొను ననుకొందము. రాత్రింబవళ్లు నడపినచో 1,800 వాటు-గంటలగును. 12 వోల్టుల బ్యాటరీనుండి దీనికి 150 ఆంపియరు-గంటలు కావలెను. మబ్బు పట్టిన దినమున సూర్యఫలకములు ఇంత ఈయజాలవు. అట్టి దినముననే తుపాను వార్త మిక్కిలి అవసరము. కావున బుద్ధిమంతుడైన నావికుడు యంత్రమును నిర్ణీతమైన వేళలలో మాత్రమే తెఱచి, పని కాగానే మూయును. దీపములకును, దిక్కు చూపు యంత్రములకును ముందుగా విద్యుత్తు మిగిల్చును.

రెండవ చిక్కు యాంటెనా. నౌక ఒక ప్రక్కకు వాలి నడచును. తెరచాపయు కొయ్యయు ఆకాశమున కొంత భాగమును మూయును. పెద్ద యోడలపై తెల్లని గుమ్మటములు మీరు చూచియుందురు. ఓడ ఎట్లూగినను లోపలి పళ్లెము ఉపగ్రహమునే చూచునట్లు వానియందు యంత్రములు తిప్పుచుండును. చిన్న నౌకకు అంత బరువు తగదు. కొత్త యంత్రములలో పలకవంటి యాంటెనా కదలకయే తన కిరణమును త్రిప్పుకొనును. చేతి ఫోనైనచో గదిలో కూర్చుండి మాటలాడ వీలులేదు. బయటికి వచ్చి తెఱపి ఆకాశము క్రింద నిలువవలెను. ఉప్పునీరు తీగెల కీలులను తినివేయును. కొయ్య విఱిగెనా, దానిపై నున్న యాంటెనాలన్నియు దానితోనే పోవును. ఈ మాట జ్ఞప్తియందుంచుకొనుడు. ముందు దీని పని కలదు.

మూడవ చిక్కు వేగము. ఇరిడియం వారి పాత పద్ధతిలో సెకండునకు 2,400 బిట్లు మాత్రమే పోవును. మూడు మెగాబైట్ల ఫొటో యొకటి 2 కోట్ల 40 లక్షల బిట్లు. దానిని పంపుటకు 10,000 సెకండ్లు, అనగా 2 గంటల 46 నిమిషములు పట్టును. అదే దారిలో 160 ఇంగ్లీషు అక్షరముల సందేశము 1,120 బిట్లు గనుక అర సెకండైనను పట్టదు. తెలుగులో వ్రాసినచో అదే స్థలమున 70 సంకేతములే పట్టును. గుణింతములును వత్తులును కూడ లెక్కకు వచ్చును. ఇందుమూలమున ఒక పాఠము తేటపడుచున్నది: మాట ఎంత క్లుప్తమో, అంత నిశ్చయముగా చేరును.

5. మాటలు మూడు విధములు

నౌకనుండి పోవు మాటలు మూడు విధములని మేము పిల్లలకు చెప్పుచుందుము.

మొదటిది ఇంటి మాట. తల్లితో, భార్యతో, బిడ్డలతో క్షేమసమాచారము. ఇది మనస్సునకు బలము. అయితే ఇందొక మెలకువ కావలెను. ప్రతిదినము ఫోను చేయు నావికుడు ఒకనాడు చేయనిచో ఇంటివారు ఏడ్పు మొదలుపెట్టుదురు. బ్యాటరీ తగ్గియుండవచ్చును, యంత్రము తడిసియుండవచ్చును. మౌనమంతయు అపాయము కాదు. కావున బయలుదేరకముందే ఇరుపక్షములవారును ఒక యేర్పాటు చేసికొనవలెను: ఏ వేళకు మాటలాడుదురు, ఎన్ని దినములు మాట రాకున్నచో ఎవరికి తెలుపవలెను, బోటు పేరు నంబరులు ఎవరియొద్ద నుండవలెను. ఈ చిన్న కాగితము ఇంటనుండుట ఖరీదైన యంత్రము బోటులో నుండుటకు తీసిపోదు.

రెండవది వాతావరణపు మాట. గాలి ఎటునుండి, ఎంత వేగమున వచ్చునో తెలుపు పటములను కుదించి పంపుదురు. అవి ఫొటోకంటె మిక్కిలి చిన్నవి. ఇది రెండువైపులకు నడచు మాట. తారిణి తాను పోయిన చోట్ల గాలి, అల, సముద్రముల సమాచారమును మన వాతావరణశాఖకు పంపునట్లు ఏర్పాటుండెను. ఓడలు పోని చోటనుండి వచ్చు అట్టి లెక్కలు ఒడ్డున నున్నవారికిని మేలు చేయును.

మూడవది ఆపద మాట. దీనికి టెలిఫోను సైతము అక్కఱలేదు. నావికులు ఈపర్బు అని పిలుచు చిన్న యంత్రము కలదు. మీట నొక్కినను, ఓడ మునిగినప్పుడు తానై విడివడి తేలినను, అది 406 మెగాహెర్ట్‌జుల తరంగముమీద సుమారు 50 సెకండ్ల కొకసారి తన గుర్తును ఉపగ్రహములకు చెప్పుచుండును. కనీసము 48 గంటలు చెప్పును. ఈ పద్ధతి పేరు కాస్పాస్-సార్శాట్. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్టు రష్యాలు, తమలో తమకు ఎన్ని వైరములున్నను, దీనికొఱకు చేతులు కలిపినవి. 1982నుండి దీనివలన రక్షింపబడినవారు 50,000 మందికి పైబడిరి. మన దేశమున దీని సంకేతములు బెంగుళూరు, లక్నో కేంద్రములలో వినబడును. మీట పొరపాటున నొక్కుటవలన కలుగు వృథా పిలుపులు మాత్రము అనేకములు. ఒక్క వృథా పిలుపునకు ఓడలు దారి మఱలవలసివచ్చును, విమానములు లేవవలసివచ్చును. కావున తండ్రి బోటులో ఆ యంత్రమును చూచినచో పిల్లలు చేయి పెట్టరాదు.

6. విఱిగిన కొయ్య, వినబడిన మాట

ఈ మూడవ మాట విలువ తెలియుటకు ఒక వృత్తాంతము చాలును. కమాండరు అభిలాష్ టోమీ మన నౌకాదళమున పనిచేసినవారు. 2012 నవంబరునుండి 2013 మార్చి వఱకు మాదేయీ యను నౌకపై ఎక్కడను ఆగక ఒంటరిగా భూమిని చుట్టివచ్చినవారు. 2018లో వారు గోల్డెన్ గ్లోబ్ పందెమున పాల్గొనిరి. ఆ పందెపు నియమము విచిత్రమైనది: 1968వ సంవత్సరపు నావికుల సాధనములతోనే నడువవలెను. సూర్యుని, నక్షత్రములను కొలుచు సెక్స్టాంటు, కాగితపు పటము, హ్రస్వతరంగ రేడియో ఇవియే దిక్కు. ఉపగ్రహ సాధనములు ప్రాణరక్షణకును, నిర్వాహకులకు కబురు పంపుటకును మాత్రమే.

2018 సెప్టెంబరు 21న, ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునకు సుమారు 1,900 సముద్రపు మైళ్ల దూరమున, తుపానులో వారి తురీయ నౌక బోర్లపడి లేచెను. కొయ్య విఱిగెను. వారి వెన్నెముకకు గట్టి దెబ్బ తగిలెను, లేవలేకపోయిరి. ఉపగ్రహ ఫోను ఆపత్సంచిలో నుండెను. కాని ఆ సంచిని అందుకొనుటకు శక్తి లేకపోయెను. చేతికందినది చిన్న సందేశ యంత్ర మొక్కటి. దానిమీద వారు కొద్ది మాటలలో తమ స్థితి తెలిపిరి. ఈపర్బు పిలుపును ఆస్ట్రేలియావారు విని అన్వేషణ ప్రారంభించిరి. మన నౌకాదళపు విమానము మారిషస్సునుండి పోయి నౌకను కనుగొనెను. సెప్టెంబరు 24న ఒసీరిస్ అను ఫ్రెంచి నౌకవారు చిన్న పడవలలో చేరి వారిని రక్షించి ఆమ్‌స్టర్‌డామ్ ద్వీపమునకు చేర్చిరి. అచ్చటినుండి మన యుద్ధనౌక సాత్పూరా వారిని ఎక్కించుకొని అక్టోబరులో మన విశాఖపట్టణపు రేవునకే తెచ్చెను. ఇచ్చటి నౌకాదళ వైద్యశాల కల్యాణిలో వారికి చికిత్స జరిగెను. కోలుకొని వారు 2023లో అదే పందెమును రెండవ స్థానమున ముగించిరి.

విద్యార్థులారా, ఇందు గమనింపదగినవి రెండు. చిత్రములు చూపు యంత్రము కాదు, కొద్ది మాటలు మోయు యంత్రమే ప్రాణము కాచెను. అదియు చేతి కందు చోట నున్నందుననే కాచెను. రెండవది, అంతవఱకు ఆ నౌకను నడపినది ఉపగ్రహము కాదు. సూర్యుని కొలుచు విద్య. ఉపగ్రహము పడవను నడపదు, తెరచాప దింపదు, అలను తగ్గింపదు. 2018 ఏప్రిలులో తారిణికి చుక్కాని యంత్రము చెడినప్పుడును ఆరుగురు స్త్రీలు దానిని మారిషస్సు రేవునకు నడిపించుకొని చేరవలసివచ్చెను. మాట సహాయమును పిలుచును. సహాయము వచ్చువఱకు బ్రదుకుట మన చేతులలోని పని.

7. మన మరబోటుల సంగతి

తారిణికిని, తురీయకును ఉన్నవి మన చేపల రేవులోని బోటులకు ఉన్నవా యని మీ రడుగవచ్చును. అడుగవలెను కూడ. అంతర్జాతీయ ప్రయాణము చేయు 300 టన్నులు, అంతకు మించిన యోడలకు ఆపద్రేడియో, ఉపగ్రహ సాధనములు 1999 ఫిబ్రవరి 1నుండి పూర్తిగా విధింపబడినవి. మన సరంగులకును, కలాసీలకును ఆ నియమము వర్తింపదు. కాని వారిని మఱచిరని చెప్పుటయు న్యాయము కాదు.

ఇస్రోవారు 2010నుండి బెస్తవారి బోటులకు ఆపత్సూచక యంత్రములను తయారుచేసి యిచ్చిరి. వానికి నోరుండెను గాని చెవి లేకుండెను: మీట నొక్కినవాడు తన కేక ఎవరికైన వినబడినదో లేదో తెలియక కూర్చుండవలసివచ్చెడిది. 2019 అక్టోబరులో హైదరాబాదునందలి సముద్ర సమాచార కేంద్రమువారు, అనగా ఇన్‌కాయిస్ వారు, జెమిని యను యంత్రమును తెచ్చిరి. అది గగన్ ఉపగ్రహములనుండి తుపాను హెచ్చరికలను, చేపలుండు చోట్లను గ్రహించి మొబైలు తెరపై చూపును. దానికి చెవి కలదు, నోరు లేదు. 2024లో ఇస్రోవారు ప్రకటించిన రెండవ తరపు ఆపత్సూచకమునకు రెండును కలవు: కేక చేరినదని తిరిగి చెప్పును. ఆపదలో నున్నవానికి "విన్నాము, వచ్చుచున్నాము" అను మాటకంటె వేఱు ఔషధ మేమి కలదు?

2024 ఆగస్టు 30న మహారాష్ట్రములోని పాల్ఘరులో ప్రధానమంత్రి మఱియొక పథకమును ప్రారంభించెను. పదుమూడు తీర రాష్ట్రములలోను, కేంద్రపాలిత ప్రాంతములలోను మరబోటులకు లక్ష ట్రాన్స్‌పాండరులు అమర్చుట దాని ఉద్దేశము. ఈ యంత్రము రెండువైపుల సందేశములు నడుపును, ఆపద తెలుపును, దేశపు సముద్రపు హద్దు దగ్గఱపడగానే హెచ్చరించును. ఈ చివరి గుణము చిన్నది కాదు. 2018 నవంబరులో గుజరాతు తీరమున కూలికి వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు తెలియక హద్దు దాటి పాకిస్తానువారికి చిక్కిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో గాని విడుదలై వాఘా సరిహద్దు దాటలేదు. ఆ పదునాలుగు నెలలు ఇంట నున్న ఆడువారు ఎట్లు గడపిరో మనము ఊహింపగలము. నీటిమీద గీతలు కనబడవు. వానిని చూపగలిగినది ఆకాశమునుండి వచ్చు సంకేతమే.

యంత్రము బిగించిరను తృప్తితో ఊరకుండరాదు. అది చార్జి అయి యున్నదా, సరంగునకు తప్ప మఱియొకనికి వాడుట తెలియునా, బోటు యజమానుని పేరు, ఫోను నంబరు సరిగా నమోదైనవా? ఏప్రిలు 15నుండి జూను 14వఱకు వేట నిషేధకాలమున బోటులు ఒడ్డున నుండును. ఈ పరీక్షలన్నియు ఆ రెండు నెలలలో చేయదగినవి. చదువు వచ్చిన పిల్లలు తమ తండ్రులకు ఈ పనిలో మిక్కిలి తోడ్పడవచ్చును. తీరరక్షకదళమువారి ఆపత్కాల నంబరు 1554; దీనిని ప్రతి యింటి గోడమీదను వ్రాసియుంచుడు.

నేలమీది వారమైనను మన మీ విషయమున నిశ్చింతులము కాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరముమీదనే విరుచుకొని పడినప్పుడు టవరులు కూలి, విద్యుత్తు పోయి, ఫోనులు మూగవడెను. నగరము నడుమ నుండియు మన బంధువులకు మన క్షేమము తెలుపలేకపోతిమి. నడిసముద్రమున నున్నవాని స్థితి యెట్టిదో ఆనాడు మన మందఱమును కొంత రుచి చూచితిమి.

8. చట్టపు మాట

తలిదండ్రుల కొక హెచ్చరిక. ఉపగ్రహ ఫోను మన దేశమున మొబైలు ఫోనువలె ఇష్టానుసారముగా కొని యుంచుకొనదగిన వస్తువు కాదు. ప్రభుత్వపు అనుమతిపత్రము లేక దాని నుంచుకొనుటయు వాడుటయు నేరము. 2008లో శత్రువులు సముద్రముమీదుగా బొంబాయి వచ్చి చేసిన ఘోరకృత్యమున ఉపగ్రహ ఫోనులు వాడిన తరువాత ఈ విషయమున కట్టుబాట్లు గట్టిపడినవి. తురాయా, ఇరిడియం ఫోనులతో విమానాశ్రయములలో పట్టుబడి చిక్కులపాలైన పరదేశీయులు కలరు. గల్ఫు దేశములనుండియు, ఓడల యుద్యోగములనుండియు సెలవుపై వచ్చు మన బంధువులు చౌకగా దొరికెనని అట్టివి తేరాదు. న్యాయమైన మార్గము కలదు: 2017 మే నెలలో బి.ఎస్.ఎన్.ఎల్. వారు ఇన్మార్శాట్ మూలమున అనుమతిగల ఉపగ్రహ ఫోను సౌకర్యమును ప్రారంభించిరి. స్టార్లింకువారికి 2025 జూనులో మన ప్రభుత్వము అనుమతిపత్ర మిచ్చెను. కాని ఈపర్బు, ఆపత్సూచకము, ట్రాన్స్‌పాండరు ప్రాణరక్షణకై ఏర్పడినవి. ఈ సందేహము వానిని గూర్చినది కాదు.

9. ముగింపు

ఇంతవఱకు చెప్పినదాని సారమిది. ఉపగ్రహము నడిసముద్రమును ఇంటి వాకిటికి తెచ్చినది. దీపావళినాడు ముఖములు చూచుకొనుట గొప్ప విషయమే; కాని మూడు మాటలలోను మొదట కల్పింపవలసినది, తుట్టతుదవఱకు నిలుపుకొనవలసినది ఆపద మాట. అది తక్కువ విద్యుత్తుతో, తక్కువ మాటలతో, తక్కువ ఖర్చుతో నడచునది. భూమిని చుట్టు నౌక కది యున్నట్లే, నాలుగు కావిళ్ల చేపలకై అలల నెదిరించు బోటునకును ఉండుట న్యాయము. యంత్రము నిచ్చుట ప్రభుత్వపు విధి. దానిని మేలుకొలిపి యుంచుట మన విధి. మీలో నొకరు స్వాతివలె భూప్రదక్షిణము చేయవచ్చును. ఒకరు ఇస్రోలో ఇంతకంటె చౌకయైన యంత్రమును కనిపెట్టవచ్చును. ఒకరు తండ్రి బోటులో సరంగు కావచ్చును. మువ్వురును కూడ గాలిని చదువుట, పటము చూచుట, క్లుప్తముగా వ్రాయుట నేర్చుకొనవలెను. ఏలయనగా కొయ్య విఱిగిన రాత్రి పనికివచ్చునవి అవియే.

ప్రశ్నలు

1. 9 మీటర్ల యెత్తుగల మరబోటు కొయ్యపైనుండి సముద్రపుటంచు ఎన్ని కిలోమీటర్లు? అట్టి బోటులు రెండు ఎంత దూరమువఱకు వి.హెచ్.ఎఫ్. రేడియోలో మాటలాడుకొనగలవు?
2. సెకండునకు 2,400 బిట్లు పోవు మార్గమున 60,000 బిట్ల వాతావరణ పటము చేరుటకు ఎన్ని సెకండ్లు పట్టును?
3. నిలుకడగా నుండు ఉపగ్రహమునకును, దగ్గఱగా తిరుగు ఉపగ్రహమునకును గల భేదములు మూడు వ్రాయుము.
4. జెమిని, మొదటి తరపు ఆపత్సూచకము, ట్రాన్స్‌పాండరు: వీనిలో దేనికి చెవి కలదు? దేనికి నోరు కలదు?
5. నీవు అపాయములో నున్న బోటులో నున్నావు. బోటు పేరు, ఉన్న చోటు, జరిగినది, మనుష్యుల సంఖ్య తెలుపుచు 70 సంకేతములకు మించకుండ తెలుగులో సందేశము వ్రాయుము.